ఆడపడుచు కావలసిన పిల్ల

సవతి అయితే జుట్టు పట్టుకుని కడిగేయొచ్చు. పేకాట అయితే ముక్కలు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టొచ్చు. తాగుడైతే నలుగురిలో పెట్టి పరువు తీయొచ్చు. మీనాకుమారికి వచ్చిన కష్టం ఈ మూడింటిలో దేనికిందకీ రాదు. ఆమె మొగుడు రాజశేఖర్ ఒక బడి మీద మనసు పారేసుకున్నాడు. ఆ బడి ఖరగ్‌పూర్‌లో లేదు, కటక్‌లో లేదు, అసలు భూమ్మీదే లేదు. టీవీలో ఉంది.

హిజ్లీ ఐఐటీ క్యాంపస్‌లో చదువు పూర్తయి వెళ్ళిపోతున్న కుర్రాడొకడు హాస్టల్ గది ఖాళీ చేస్తూ వీడియో గేమ్ పెట్టె అమ్ముతుంటే, శేఖర్ దాన్ని సైకిల్ వెనక కట్టుకుని న్యూ సెటిల్‌మెంట్‌లో తమ రైల్వే క్వార్టర్‌కి తెచ్చాడు. అందులో ఉన్నది ఒక్కటే ఆట. ఆడే మనిషే ఒక పాత్ర అయిపోయి, పేరు పెట్టుకుని, ఎవరితో ఏం మాట్లాడాలో తనే ఎంచుకుంటూ నెలల తరబడి ఆ కథలో బతికే రకం ఆట. ఆ కథంతా సముద్రం ఒడ్డున, ఒక పాత దీపస్తంభాన్ని మార్చి కట్టిన ఓరెల్ అకాడమీ అనే బళ్ళో జరుగుతుంది. పగలు పాఠాలు, సాయంత్రం కత్తులు పట్టుకుని నేలమాళిగలో భూతాలతో యుద్ధాలు.

వర్క్‌షాపు సైరన్ కూసిన కాసేపటికి శేఖర్ ఇంటికొస్తాడు. కాళ్ళు కడుక్కుంటాడు, టీ తాగుతాడు, బడికి వెళ్ళిపోతాడు. పొద్దస్తమానం వ్యాగన్ చక్రాలతో కుస్తీ పట్టే ముప్పై నాలుగేళ్ళ మనిషి, నీలం కోటు తొడుక్కున్న పదిహేడేళ్ళ కుర్రాడైపోయి టీవీలో మెట్లెక్కుతుంటాడు. ఆడటం ఆపాక అన్నం దగ్గరైనా ఆ గోల తప్పుతుందా అంటే, అక్కడా అదే.

“లైబ్రరీలోకి పున్నమి రోజున సముద్రం ఒచ్చెత్తాది మీనా. అందుకని కింద అరలో తడిసినా పర్లేదనే పుస్తకాలే ఎడతారు. ఎంత ఆలోసించినారో సూడు.”

“పప్పులో ఉప్పు సరిపోయిందా?”

“ఊఁ. ఆ కేంటీన్ ఆవిడుంది సూడు, నిన్న మనం ఏటి తిన్నామో గుర్తెట్టుకుని మరీ అడుగుతాది.”

నిన్న శేఖర్ ఏం తిన్నాడో మీనాకీ గుర్తుంది. మొన్న ఏం తిన్నాడో, ఏది తినకుండా కంచం అంచుకి నెట్టాడో కూడా గుర్తుంది. దానికి ఆమెను మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

అసలు బడి అన్న మాటే మీనాకి గుచ్చుకునే మాట. శేఖర్ ఆమెకు సొంత మేనత్త జోగమ్మ కొడుకు. ఇద్దరూ న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బళ్ళో ఒకే తరగతి చదివారు. పన్నెండో తరగతి మధ్యలో శేఖర్ తండ్రి జగ్గారావు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. శేఖర్‌కి అప్పుడే పద్దెనిమిది నిండాయి. తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇస్తామన్నారు, శేఖర్ బడి మానేసి వర్క్‌షాపులో చేరాడు. ఏడాది తిరక్కుండా మీనా తండ్రి గోవిందరావు, అక్క ఒక్కతే అయిపోయింది, తోడుంటుంది అని కూతుర్ని ఇచ్చేశాడు. ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ నిలిచింది, వెనకే మీనా వచ్చింది. మూడింటికీ శేఖర్ ఒకేలా తలూపాడు.

అక్కడే మీనా కడుపులో ఒక ముల్లు ఉండిపోయింది. బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె శేఖర్‌నే చూసింది. శేఖర్ ఒక్కసారైనా తనని చూశాడా? కావాలనుకున్నాడా, లేక తండ్రి ఉద్యోగంతో పాటు వచ్చిందని సర్దుకున్నాడా? ఇంత కాపురం చేసి, బడికెళ్ళే కూతుర్ని పెట్టుకుని కూడా ఆ మాట మొగుణ్ణి అడగలేదు. అడిగితే జవాబు చెప్పేస్తాడేమోనని భయం.

ఇదిలా ఉండగా ఇల్వా వచ్చింది. ఓరెల్ బళ్ళో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చివర పిట్టల బొమ్మలు గీసే పిల్ల. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడితే మాత్రం శేఖర్ రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింటాడు.

ఒక ఆదివారం మీనా గోల్‌బజార్ వెళ్ళి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది. కావాలనే శేఖర్ ముందు నుంచి రెండుసార్లు నడిచింది, మూడోసారి అడ్డంగా నిలబడింది. శేఖర్ మెడ పక్కకి వంచి టీవీ చూశాడు. అన్నం దగ్గర చాలాసేపు ఆలోచించి, “ఇయ్యాల రిబ్బన్ మార్సీసింది మీనా. ఎర్రది తీసీసి నీలం కట్టుకుంది. ఏదో అయ్యుంటాది” అన్నాడు.

“ఎవరు?”

“ఇల్వా.”

మీనా గరిటె చారులో పడేసి లేచి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె కుట్టుమిషన్ చేసిన చప్పుడుకి పక్క క్వార్టర్ వాళ్ళ కుక్క కూడా అరవడం మానేసింది.

మర్నాడు శేఖర్ డ్యూటీకి, కూతురు బడికి వెళ్ళగానే మీనా టీవీ ముందు కూర్చుంది. ఆ పిల్ల సంగతేమిటో తేల్చుకుందామని. జోగమ్మ బఠానీల గిన్నెతో వచ్చి పక్కన చతికిలబడింది.

“ఏటే, సీరియలా?”

“నీ కొడుక్కి బళ్ళో ఒక గుంటతో నడుస్తన్నాది అత్తా. సూడు.”

జోగమ్మ కళ్ళద్దాలు పైకి జరుపుకుంది. “పిల్ల బాగానే ఉన్నాది. ఎవులి పిల్ల? మనోళ్ళేనా?”

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, శేఖర్ ఆపిన చోటు నుంచే ఆడుతూ మీనా ఆట నేర్చుకుంది. ఇల్వా ఏదైనా అంటే తెర కింద మూడు జవాబులు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. మీనా వెతికి వెతికి మూడింటిలో చెడ్డది నొక్కేది. నిన్న నేలమాళిగలో నీకు దెబ్బ తగిలిందట అని ఇల్వా అడిగితే, నీకెందుకు అని నొక్కింది. ఇల్వా తలదించుకుని వెళ్ళిపోయింది. మీనాకి పండగైంది. మరుసటి పొద్దున చూస్తే బల్ల మీద గాయానికి కట్టుకునే గుడ్డ మడత పెట్టి ఉంది, దాని మీద చిన్న పిట్ట బొమ్మ.

“సిగ్గు నేదు దీనికి” అంది మీనా.

“మంచి పిల్లే” అంది జోగమ్మ.

మంచిది కావడమే మీనా బాధ. గయ్యాళి అయితే శేఖర్‌కే విసుగొచ్చేది. మంచిదానితో ఏం పోట్లాడతాం!

ఇలా శత్రువు ఇంట్లో తిరుగుతూ తిరుగుతూ మీనా ఆ ఇంటికే అలవాటు పడిపోయింది. ఆ బడి అలాంటిది. వానాకాలం వస్తే మూడో అంతస్తు వసారాలో పైకప్పు కారుతుంది, కింద ఒక బకెట్ ఉంటుంది. బకెట్ నిండితే ఎవరో ఒక పిల్లాడు తిట్టుకుంటూ తీసుకెళ్ళి పారబోస్తాడు, రోజుకో పిల్లాడు. చూపు సరిగ్గా ఆనని ముసలి టీచర్ హాజరు వేస్తూ, పిల్లలు దగ్గిన దగ్గును బట్టి ఎవరెవరో చెప్పేస్తుంది. పై గదిలో ఎవరో ఫిడేలు నేర్చుకుంటుంటారు. ఆకులు రాలే రోజుల్లో అది వింటే పళ్ళు జివ్వుమంటాయి. మంచు కురిసే రోజులకి పాటలా అనిపిస్తుంది. ఆ వాయించేది ఎవరో ఆట ఎక్కడా చెప్పదు. భూతాలతో యుద్ధాలు మానేసి మీనా ఊరికే మెట్ల మీద కూర్చుని ఆ ఫిడేలు వినేది. వీధి చివర ఉండే ఆలిస్ దీదీ క్రిస్మస్‌కి కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డ ఈస్టర్ దగ్గర పడుతున్నా మిషన్ ఎక్కలేదు.

వింటున్నకొద్దీ అసూయ తగ్గకపోగా కొమ్మలు వేసింది. తమ బళ్ళోనూ వసారా కారేది. తమ బళ్ళోనూ బకెట్ ఉండేది. ఆ బకెట్‌ని ఎవరు తలుచుకున్నారు? ఎక్కడి వాళ్ళో, ఎప్పుడూ లేని బడికి ఇంత శ్రద్ధగా బకెట్ గీశారు, దాన్ని ఊరూరా మనుషులు తమ చిన్నతనం అన్నట్టు దాచుకుంటున్నారు. నిజంగా ఉన్న బడి మాత్రం ఉన్నచోటే ఉండి ఎవరికీ గుర్తు లేకుండా పోయింది, కట్టుకున్న మొగుడికి కూడా. ఇల్వా ఒక్కతే అనుకుంటే బడికి బడే సవతి అయి కూర్చుందని మీనాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అలాంటి రోజుల్లో బడి గోడ మీద ఒక కాగితం కనబడింది. దీపాల పండగ వస్తోంది. ఆ రాత్రి అమ్మాయిలు తమకు నచ్చిన అబ్బాయి మణికట్టుకి రిబ్బన్ కడతారు. మీనా రిబ్బన్ అన్న మాటా, మణికట్టు అన్న మాటా మాత్రమే కూడబలుక్కుని చదివి, రిమోట్ కింద పెట్టి గట్టిగా నవ్వింది.

“రాఖీ అత్తా! వీళ్ళకీ రాఖీ ఉన్నాది!”

ఖరగ్‌పూర్ బళ్ళలో రాఖీ పూర్ణిమ అంటే ఏమిటో మీనాకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక పడే అబ్బాయిని వదిలించుకోవాలంటే ఆడపిల్ల రాఖీ కట్టేస్తే చాలు, వాడు ఆ క్షణం నుంచి అన్న. అందుకే ఆ రోజు మగపిల్లలు సగం మంది జ్వరమని ముసుగు తన్ని పడుకుంటారు. పదకొండో తరగతిలో ఉన్నప్పుడు మీనా ఆ పండగని మరో విధంగా వాడుకుంది. శేఖర్ వైపు ఓరగా చూసే ఆడపిల్లలందరి దగ్గరికీ వెళ్ళి, మా బావ మంచోడు, పాపం చెల్లెళ్ళు లేరు, కట్టండి అని ఊదరగొట్టింది. శేఖర్ మోచేతి దాకా రాఖీలతో, తెల్లమొహంతో ఇంటికెళ్ళాడు. తరగతిలో అతనికి రాఖీ కట్టని పిల్ల ఒక్క మీనాయే. మరదలు కట్టకూడదు కదా.

అంత పనిచేసిన మందు మళ్ళీ దొరికితే ఎవరు వదులుకుంటారు? ఆ రోజు నుంచి మీనా జవాబులన్నీ మారిపోయాయి. ఇల్వా పలకరిస్తే మూడింటిలో మంచిదే నొక్కింది. పిట్ట ఈకలు ఏరి తెచ్చి ఇచ్చింది. జ్వరమొస్తే కేంటీన్ నుంచి గుమ్మడికాయ చారు మోసుకెళ్ళింది. సాయంత్రం శేఖర్ ఆడుతూ, “ఇల్వా ఈమధ్య నవ్వతన్నాదే!” అని ఆశ్చర్యపోతే మీనా వంటింట్లో పళ్ళు బిగించి ఓర్చుకుంది. కాబోయే ఆడపడుచు, నవ్వనీ.

పండగ రాత్రి రానే వచ్చింది, టీవీలో. బయట ఖరగ్‌పూర్‌లో మిట్ట మధ్యాహ్నం. దీపస్తంభం చుట్టూ వందల లాంతర్లు. సముద్రం మీద పడవల్లో లాంతర్లు. ఇల్వా నడిచొచ్చి, జడలోంచి నీలం రిబ్బన్ విప్పి, చెయ్యి చాపమంది. సరేనా, వద్దా అని తెర అడిగింది.

“కట్టించీ కట్టించీ” అంది జోగమ్మ. “ఆడబిడ్డయిపోద్ది, పీడా పోద్ది.”

మీనా సరే నొక్కింది.

ఇల్వా రిబ్బన్ కట్టింది. కట్టాక చెయ్యి వదల్లేదు. లాంతర్లన్నీ ఒక్కసారి ఆకాశంలోకి లేచాయి. బడికి బడంతా పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. ముసలి టీచర్ కళ్ళు తుడుచుకుంది. కేంటీన్ ఆవిడ గుప్పెళ్ళతో పూలు చల్లింది. ఇల్వా ఆ కుర్రాడి భుజం మీద తల వాల్చి, ఈ ముడి ఇక ఈ జన్మకి విడదు అంది. ఆ మాట చదవడానికి మీనాకి కొంచెం సమయం పట్టింది, జోగమ్మకి చదువు అవసరం లేకుండానే అర్థమైంది.

“ఓలమ్మో! పెళ్ళి సేసీసినావేటే!”

మీనా చేతికందిన బటన్లన్నీ నొక్కింది. ఏదీ వెనక్కి పోలేదు. సొంత చేతులతో మొగుడికి పెళ్ళి చేసింది. చారు మోసి, ఈకలు ఏరి, సంబంధం కుదిర్చి మరీ చేసింది. దానికి అత్తగారు పక్కన కూర్చుని దీవించింది. ఆట అంతటితో ఆగలేదు. పరీక్షలు గబగబా జరిగిపోయాయి. ఫిడేలు మొదటిసారి తప్పు లేకుండా మోగింది. పిల్లలు పెట్టెలు సర్దుకుని మెట్లు దిగారు. గేటు మూసుకుంది. ఆట చేసినవాళ్ళ పేర్లు పైకి పాకుతూ పోయాయి, చివర సేవ్ అయిందని ఒక ముక్క వచ్చింది. శేఖర్ అన్నాళ్ళు ఆడిన ఆట మీదే పడి సేవ్ అయింది.

ఆమె టీవీ కట్టేయలేదు. కట్టేసినా దాగేది కాదు. శేఖర్ వచ్చేసరికి తెర మీద మూసిన గేటు, దాని వెనక దీపం లేని బడి ఉన్నాయి. అతను చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు.

“పండగ అయిపోనాదా?”

“నేనే ఆడినాను” అంది మీనా. “రాఖీ అనుకున్నాను.”

జోగమ్మ బఠానీల గిన్నె తీసుకుని వంటింట్లోకి తప్పుకుంది. శేఖర్ తిట్టలేదు. మంచం మీద కూర్చుని ఆ గేటు వైపే చూశాడు. “ఆట్లో ప్రతి ఏడాది పండక్కీ ఆ రిబ్బన్ ఒద్దన్నాను. ఎన్నిసార్లో” అన్నాడు.

అంత మంచి పిల్ల కోరి వచ్చి కడతానంటే వద్దన్నాడు. ఎందుకు? ఇంట్లో నేనున్నాననేమో అనుకుంటూ, మీనా చెవులు రిక్కించుకుని అడిగింది. “ఎందుకొద్దన్నావు బావా?”

“కట్టించుకుంటే బడి అయిపోద్ది. కట్టించుకోపోతే మళ్ళీ అదే క్లాసులో ఉంచుతారు. ఇలగైతే ఎప్పుటికీ అవ్వదనుకున్నాను.”

అంతే. అందులో ఇల్వా లేదు, మీనా అసలే లేదు. సగంలో వదిలేసి వచ్చిన చదువు ఉంది, ఇంకెవరికీ చోటు లేదు. ఆ మనిషి మీద జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో మీనాకి తెలియలేదు. తెలియనప్పుడు ఆమెకు వచ్చేది కోపమే.

“ఆ గుంట ఏ కిటికీ కాడ కూర్సుంటాదో నీకు తెలుసు. ఏ రోజు ఏ రిబ్బన్ కడతాదో తెలుసు. మన బళ్ళో, మన క్లాసులో, నేనెక్కడ కూర్సునేదాన్నో సెప్పు. సెప్పు బావా!”

శేఖర్ నేల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

“తెల్దు మీనా” అన్నాడు.

ఇన్నేళ్ళు అడగకుండా ఉన్నది ఈ మాట వినాల్సి వస్తుందనే. విన్నాక అనుకున్నంత చప్పుడేమీ కాలేదు. వంటింట్లో జోగమ్మ బఠానీలు గిన్నెలో పడటం వినబడింది. మీనా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఏడుపు వస్తే అతని ముందు ఏడవకూడదని.

శేఖర్ రిమోట్ తీసుకున్నాడు. చూడు, ఇప్పుడు కూడా ఆటే, అని మీనాకి ఒళ్ళు మండిపోయింది. అతను ఆటని మొదటి నుంచి పెట్టాడు. మొదటి రోజు పొద్దున. ముసలి టీచర్ తరగతి గది తలుపు తీసి, ఎక్కడ కూర్చుంటావు నాయనా అని అడిగింది. ఖాళీ బల్లలన్నీ తెర మీద వెలిగాయి.

“నువ్వు కూర్సున్న సోటేదో సెప్పు.”

“ఇప్పుడెందుకు?”

“సెప్పు మీనా. అందులోంచి సూత్తాను.”

చెప్పకూడదనుకుంది. నోరు ఆగలేదు. “ఆడపిల్లల వరస. ఆఖరు బెంచీ. స్తంభం ఎనకాల.”

పాత బళ్ళన్నింటికీ స్తంభాలుంటాయి, ఓరెల్‌కీ ఉన్నాయి. శేఖర్ తన కుర్రాణ్ణి నడిపించుకుంటూ వెళ్ళి చిట్టచివర స్తంభం వెనక కూర్చోబెట్టాడు. తెర సగం రాతి స్తంభంతో నిండిపోయింది. బోర్డు కనబడలేదు. టీచర్ కనబడలేదు. ఇల్వా కూర్చునే కిటికీ కూడా కనబడలేదు. శేఖర్ మంచం మీద కూర్చునే తల అటు వంచాడు, ఇటు వంచాడు.

“ఈ సందులోంచి ఒక్కడే కనపడతన్నాడు. గుమ్మం కాడ ముందు బెంచీవోడు. ఆడి మెడకాయి.”

“నువ్వక్కడే కూర్సునేవోడివి” అంది మీనా. “నీ మెడ మీద పుట్టుమచ్చకి ఎడం పక్కన ఇంకో చిన్న మచ్చ ఉన్నాది. నీకు తెల్దు.”

శేఖర్ చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళింది.

“మరి ముందు బెంచీవోడు ఎనక్కి తిరిగినా స్తంభమే కదే కనపడతాది. నువ్వు కనపడవు. బోర్డు కూడా కనపడని సోట్లో నిన్నెవుడు కూర్సోబెట్టినాడు?”

మీనాని ఎవరూ కూర్చోబెట్టలేదు. ముందు వరసలో చోటు ఇచ్చారు. చూపు ఆనుతోంది, వెనకైనా ఫర్వాలేదు అని టీచర్ని బతిమాలి, వారం రోజులు వెంటపడి, ఆ స్తంభం వెనక చోటు సంపాదించింది. తను శేఖర్‌ని చూడాలి, చూస్తున్నట్టు శేఖర్‌కి తెలియకూడదు. అంత జాగ్రత్తగా దాక్కుని, ఇన్నేళ్ళూ నన్ను చూడలేదు, నన్ను చూడలేదు అని ఆ మనిషి మీద మండిపడింది.

“నేనే అడిగి కూర్సున్నాను” అంది.

శేఖర్ రిమోట్ పక్కన పెట్టి పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. కత్తిరించిన జుట్టు చూశాడు, తడి కళ్ళు చూశాడు. అతని వెనక టీవీలో గంట కొట్టారు. ఇల్వా ఎర్ర రిబ్బన్‌తో స్తంభం పక్క నుంచి నడిచి వెళ్ళింది. మీనా చూసింది. శేఖర్ చూడలేదు.